కనిపిస్తారా, కనిపిస్తాయా? అండమాన్‌పై నాయకుల మాటలు, మన స్పందనలు

(హైదరాబాద్‌లో ఒక విద్యార్థి అధ్యయన బృందం ముందు చేసిన ప్రసంగం. చిన్న చిన్న సవరణలతో.)



నన్ను పిలిచిన మిత్రులు "నాయకుల అవమానకర వ్యాఖ్యలు, ప్రజల స్పందన" మీద మాట్లాడమన్నారు. ఈ అంశం వినగానే మీలో చాలామందికి 2024 డిసెంబర్ 17 గుర్తొచ్చి ఉంటుంది. రాజ్యసభలో హోంమంత్రి అమిత్ షా అంబేద్కర్ పేరు తలవడం ఒక ఫ్యాషన్ అయిపోయిందన్నారు. అన్నిసార్లు దేవుణ్ని తలిస్తే ఏడు జన్మలకు సరిపడా స్వర్గం దొరికేదన్నారు. మర్నాటికల్లా పార్లమెంటు ఆవరణలో అంబేద్కర్ ఫోటోలు లేచాయి, క్యాంపస్‌లలో ఊరేగింపులు బయల్దేరాయి. కాస్త వెనక్కి వెళితే 2016 ఫిబ్రవరి. రోహిత్ పోయి నెల కూడా కాలేదు. ఎస్సీ కులంలో పుట్టాలని ఎవరు కోరుకుంటారని అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు విలేకరుల ముందు అన్నారు. అంతకుముందు 2015 అక్టోబర్‌లో హర్యానాలోని సున్‌పెడ్‌లో ఇద్దరు దళిత పసిపిల్లలు సజీవంగా కాలిపోతే, ఎవరో కుక్క మీద రాయి వేస్తే దానికి ప్రభుత్వానిదా బాధ్యత అన్నట్టు కేంద్రమంత్రి వి.కె. సింగ్ మాట్లాడారు.

ఈ మూడు సందర్భాలూ మీకు తెలిసినవే. వీటిని విడదీసి చెప్పడానికి నేను రాలేదు. ఒక్క సంగతి గమనించమంటున్నాను. ఈ మూడింట్లోనూ మాట పడ్డవాళ్ళు ఆ మాట విన్నారు. వినే చోట ఉన్నారు, తిరిగి అనగలిగే చోట కూడా ఉన్నారు. మనకి వాడలున్నాయి, వాడ మొదట్లో విగ్రహం ఉంది, హాస్టళ్ళున్నాయి, పాటగాళ్ళున్నారు. క్షమాపణ చెప్పించగలమో లేదో వేరే సంగతి. కానీ అన్నవాడికి ఆ రాత్రి నిద్ర లేకుండా చేయగలం.

మరి మాట పడ్డవాళ్ళకి ఆ మాట చేరనే చేరకపోతే? వాళ్ళ దగ్గర పత్రిక లేదు, టీవీ లేదు, ఓటు హక్కు కాగితం మీదే ఉంది, మనం తిట్టిన భాషే వాళ్ళకి తెలియదు. అప్పుడు స్పందించాల్సింది ఎవరు? స్పందించారా? అందుకే ఈ రోజు మిమ్మల్ని అండమాన్‌కి తీసుకెళ్తున్నాను.

2012 జనవరిలో లండన్ నుంచి వచ్చే 'అబ్జర్వర్' పత్రిక ఒక వీడియో బయటపెట్టింది. జారవా తెగ స్త్రీలు, ఒంటి మీద పెద్దగా బట్టల్లేనివాళ్ళు, తిండి కోసం పర్యాటకుల ముందు నాట్యం చేస్తున్నారు. చెయ్యండి, చెయ్యండి అని ఒక గొంతు పురమాయిస్తోంది. కాపలా కాయాల్సిన పోలీసుకి ఇందులో పాత్ర ఉందని ఆ పత్రిక రాసింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. కేంద్రం నివేదిక అడిగింది. ఆ వీడియో పాతదని స్థానిక అధికారులు చెప్పుకొచ్చారు. 'మానవ సఫారీ' అనే మాట పత్రికలకెక్కింది.

ఆ రోజుల్లో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి మన తెలుగాయనే. కురుపాం నుంచి వెళ్ళిన వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్. 2009లో అరకు ఎస్టీ నియోజకవర్గం నుంచి గెలిచారు. జారవాల మీద ప్రభుత్వ విధానం మార్చాలా అన్న చర్చలో ఆయన, వాళ్ళని ఎప్పటికీ పశుప్రాయమైన స్థితిలో వదిలేయడం పూర్తిగా అన్యాయం అన్నట్టు అంతర్జాతీయ పత్రికల్లో వచ్చింది. ఆయన ఇంగ్లీషులో అన్న మాటకి నేను తెలుగులో చెప్పగలిగిన మెత్తని రూపం ఇది. ముతకగా చెబితే పశుత్వం.

ఎవరన్నారు అనేది ఇక్కడ ముఖ్యం. ఆదివాసుల మీద ద్వేషం ఉన్న మనిషి కాదు. అటవీ హక్కుల బిల్లు మీద వేసిన సంయుక్త పార్లమెంటరీ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. 2006లో ఆ చట్టం ఉన్నంతలో బలంగా రావడంలో ఆ సంఘం నివేదికకు వాటా ఉంది. విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వకాలకు వ్యతిరేకంగా సొంత పార్టీ ప్రభుత్వంతోనే తగువు పెట్టుకున్నారు. ఐదో షెడ్యూల్ కింద ఉన్న అధికారం వాడమని గవర్నర్‌కి రాశారు. అలాంటి మనిషి నోట ఈ మాట వచ్చింది. శత్రువు నోట వస్తే మనకి పని సులువు. దిష్టిబొమ్మ తగలబెట్టి ఇంటికి పోతాం. మిత్రుడి నోట వచ్చినప్పుడే ఆ మాట ఎక్కడ పుట్టిందో వెతకాల్సి వస్తుంది.

స్పందన ఎలా ఉంది? సర్వైవల్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థలు ఆ మాటని ఎత్తి చూపించాయి. కొందరు మానవశాస్త్రజ్ఞులు, ద్వీపాల మీద ఏళ్ళ తరబడి రాస్తున్నవాళ్ళు అభ్యంతరం చెప్పారు. అంతే. నాకు గుర్తున్నంతవరకు మన దగ్గర, తెలుగు నేల మీద, ఆ మాట గురించి ఒక్క ఊరేగింపు లేదు. నేనూ ఏమీ రాయలేదు. మనం ఆ వీడియో చూసి సిగ్గుపడ్డాం, పోలీసుని తిట్టాం, టూరిస్టుల్ని తిట్టాం. మంత్రిగారి మాట మాత్రం మన చెవికి తగల్లేదు. ఎందుకు తగల్లేదో నాకు కొన్నేళ్ళ తర్వాత ఆ రోడ్డు మీదే తెలిసింది.

ఆ రోడ్డు గురించి కొంచెం చెప్పాలి. దాని పేరు అండమాన్ ట్రంక్ రోడ్డు. దక్షిణాన పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు ప్రభుత్వం దాన్ని శ్రీ విజయపురం అంటోంది, పేర్ల గోల మళ్ళీ వస్తుంది) నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ వైపు వెళ్తుంది. మధ్యలో జారవా రిజర్వ్‌ని చీల్చుకుంటూ పోతుంది. 1956లో వచ్చిన ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ కింద బయటివాళ్ళు అడుగు పెట్టకూడదని ప్రకటించిన అడవి అది. దాన్ని కాపాడతామని చెప్పిన ప్రభుత్వమే 1970ల్లో అందులోంచి రోడ్డు వేయడం మొదలుపెట్టింది. జారవాలు బాణాలతో ఎదిరించారు. కూలీలూ చచ్చారు, జారవాలూ చచ్చారు. 1997 చివర్లో వాళ్ళు విల్లు పక్కన పెట్టి బయటికి రావడం మొదలైంది. 1999లో తట్టు సోకింది, 2006లో మళ్ళీ సోకింది. రిజర్వ్ గుండా పోయే రోడ్డు భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002 మే 7న ఆదేశించింది. మూయలేదు. 2012 వీడియో తర్వాత 2013 జనవరిలో కోర్టు పర్యాటకుల రాకపోకల మీద నిషేధం పెట్టి, మార్చిలో సడలించింది. ఇప్పటికీ పొద్దున్నే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కార్లు, బస్సులు బారులు తీరి, పోలీసు బండి వెనకాల కాన్వాయ్‌గా అడవిలోకి వెళ్తాయి. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర పడవెక్కి బారాటాంగ్ దిగి సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం చూస్తారు. ఫోటోలు తీయకూడదు, అద్దాలు దించకూడదు, బండి ఆపకూడదు. గుహలు చూడటానికే వెళ్తున్నామని అందరూ అంటారు. ఎందుకు వెళ్తున్నారో అందరికీ తెలుసు.

నేనూ వెళ్ళాను. ఒక సెమినార్‌కి వెళ్ళి ఒక రోజు మిగిలితే, తోటి అధ్యాపకులు ముగ్గురితో కలిసి కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ తెలుగువాడు. తండ్రి కాలంలో పలాస వైపు నుంచి వచ్చారట. అండమాన్‌లో ఇది వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి పదమూడుమంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనమే. విశాఖ నుంచి ఓడలో వెళ్ళినవాళ్ళు, చేపల వేటకి వెళ్ళినవాళ్ళు, కూలికి వెళ్ళి ఉండిపోయినవాళ్ళు. తెల్లవారుజామున చీకట్లో జిర్కాటాంగ్ క్యూలో కూర్చున్నప్పుడు ఆ డ్రైవర్ మాతో అన్నాడు:

"పొద్దున్న ట్రిప్పులో అయితే బాగా కనిపిస్తాయి మాస్టారూ. ఎండెక్కితే లోపలికెళ్ళిపోతాయి."

నేను అడిగాను: "ఇప్పుడు మొత్తం ఎన్ని ఉన్నాయి?"

మీరు తెలుగువాళ్ళు, విన్నారు కదా. ఆయన 'కనిపిస్తాయి' అన్నాడు. నేను 'ఎన్ని' అన్నాను. ఎంతమంది అనలేదు. ఇరవై ఏళ్ళుగా కులం గురించి పాఠం చెబుతున్నవాణ్ణి, రిజర్వ్ చరిత్ర చదువుకుని వెళ్ళినవాణ్ణి, 'ఎన్ని ఉన్నాయి' అన్నాను. కారులో నలుగురం ఉన్నాం, ఎవరికీ చెవికి గుచ్చుకోలేదు. జింకల గురించి అడిగినట్టే ఉంది. మంత్రిగారు ఇంగ్లీషులో ఒక నామవాచకం వాడారు. మేం తెలుగులో ఒక క్రియాపదంతో అదే పని చేశాం. ఆయన మాట పత్రికకెక్కింది. మాది ఎక్కలేదు.

మన భాష ఈ విషయంలో చాలా కచ్చితమైనది. మనుషులైతే వస్తారు, మనుషులు కానివైతే వస్తాయి. వ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని చదువుకున్నాం. స్త్రీ ఏకవచనంలో అమహత్తు పక్కన కూర్చుంటుంది. ఆవు వచ్చింది, ఆమె వచ్చింది. బహువచనంలో మాత్రం మనుషుల్లో కలుస్తుంది. పల్లెల్లో ఈ వ్యాకరణాన్ని కులం ఎలా వాడుకుందో మీకు చెప్పక్కర్లేదు. ఆధిపత్య కులం ఇంట్లో ముసలమ్మ 'ఆవిడ', మాలపల్లి నుంచి పనికొచ్చిన ముసలమ్మ 'అది'. మా అమ్మని అలాగే పిలిచేవారు, నేను పక్కన ఉండగానే. దానికి నా ఒళ్ళు మండింది, దాన్నుంచే నా చదువు మొదలైంది అనొచ్చు. అయినా బహువచనంలో కూడా మనుషుల్లోంచి తీసేసే ఈ 'కనిపిస్తాయి' నా నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది.

ఒక మలుపు దగ్గర కనిపించారు. ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు. మూడు నాలుగు సెకన్లు. కారులో అందరం ఒకవైపుకి ఒరిగాం. ఆమె మా వైపు చూడలేదు.

జారవా అనే పేరు కూడా వాళ్ళది కాదు. పక్క తెగ భాషలో పరాయివాళ్ళు అని అర్థమట. వాళ్ళు తమని 'అంగ్' అని చెప్పుకుంటారు. పరాయి ఊరి నుంచి వచ్చిన మనం వాళ్ళ అడవిలో నిలబడి వాళ్ళని పరాయివాళ్ళు అని పిలుస్తున్నాం. నేను కూడా ఈ ప్రసంగంలో సౌకర్యం కోసం జారవా అనే అంటున్నాను, చట్టంలో అలాగే ఉంది కాబట్టి.

ఇప్పుడు మంత్రిగారి వైపు నుంచి ఒక వాదన విందాం, ఎందుకంటే అది మన తరగతి గదుల్లో కూడా వినిపిస్తుంది. "అంటే వాళ్ళకి వైద్యం వద్దా? చదువు వద్దా? మ్యూజియంలో బొమ్మల్లా ఉంచేద్దామా?" ఇది తోసిపారేయాల్సిన ప్రశ్న కాదు. అడవిలో మనిషి అమాయకుడు, పవిత్రుడు, అతణ్ణి ముట్టుకోవద్దు అనే కవిత్వం కూడా ఒక రకం అవమానమే. కానీ లెక్కలు ఒకసారి చూడండి. నాగరికతలోకి తెచ్చిన తెగ ఏది? గ్రేట్ అండమానీలు. 1858లో శిక్షాస్థావరం పెట్టినప్పుడు వేలల్లో ఉన్నవాళ్ళని బ్రిటిష్‌వాళ్ళు 'అండమాన్ హోమ్స్'లో పెట్టారు, బట్టలిచ్చారు, పొగాకిచ్చారు, రోగాలిచ్చారు. 2011 నాటికి 44 మంది. వాళ్ళ భాషల్లో ఒకటైన బో మాట్లాడే చివరి మనిషి 2010 జనవరిలో కన్నుమూసింది. మరి 'పశుప్రాయంగా వదిలేసిన' జారవాలు? 2001లో 240, 2011లో 380. 2004లో కేంద్రం ప్రకటించిన జారవా విధానం కూడా వాళ్ళ జీవితంలో వీలైనంత తక్కువ జోక్యం చేసుకోవాలనే చెబుతుంది. కలపాలా, విడిగా ఉంచాలా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరు నిర్ణయిస్తారు అన్నది ప్రశ్న. పశువు అన్నాక నిర్ణయించే హక్కు దానికి ఎలాగూ ఉండదు కదా. ఆ మాట చేసే పని అదే. తిట్టు కంటే పెద్ద పని.

దీని ఇంకో కొస చూడాలంటే 2010కి వెళ్ళాలి. అండమాన్‌కి ఉన్న ఒకే ఒక్క లోక్‌సభ సభ్యుడు, బీజేపీకి చెందిన బిష్ణుపద రే, జారవాలని ప్రధాన స్రవంతిలోకి తేవడానికి వేగంగా, కఠినమైన చర్యలు తీసుకోవాలన్నారు. పిల్లల్ని తెగ నుంచి విడదీసి ఆశ్రమ పాఠశాలల్లో పెట్టాలన్నది ఆయన సూచన. అంతకు రెండేళ్ళ ముందే, 2008 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రధాని, జూన్‌లో కెనడా ప్రధాని సరిగ్గా ఇదే పని చేసినందుకు తమ పార్లమెంటుల్లో నిలబడి క్షమాపణ చెప్పారు. ప్రపంచం క్షమాపణ చెప్పుకుంటున్న నేరాన్ని మన ఎంపీ అభివృద్ధి పథకంగా ప్రతిపాదించారు. కాంగ్రెస్ మంత్రిది ఒక మాట, బీజేపీ ఎంపీది ఒక మాట. ఢిల్లీలో ఒకరినొకరు తిట్టుకునే పార్టీలు ఆ అడవి అంచున నిలబడ్డాక ఒకే వాక్యం మాట్లాడతాయి.

ఇక్కడ మనకి ఇబ్బందైన మాట ఒకటి చెప్పాలి. చెప్పకుండా దాటితే మీరే రేపు నన్ను అడగాలి. 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఆదివాసుల గురించి రాసిన భాగం చదివారా? 1936లో లాహోర్ సభ కోసం రాసుకుని, చదివే అవకాశం దక్కని ఆ ప్రసంగంలో, కోటి ముప్ఫై లక్షల మంది ఆదివాసులు నాగరికత నడుమనే అనాగరిక స్థితిలో ఉన్నారని, హిందువులు వాళ్ళని నాగరికులు చేయడానికి ఏ ప్రయత్నమూ చేయలేదని అన్నారు. 1945లో బొంబాయిలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ సభలో మాట్లాడుతూ ఆదివాసులకు ఇంకా రాజకీయ చైతన్యం రాలేదన్న అర్థంలో అన్నారు. ఆ మర్నాటి ఏడాదే, 1946 డిసెంబర్‌లో, రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, జంగ్లీని అని తనని తానే పిలుచుకుని, ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ళ దగ్గరే మీరు నేర్చుకోవాలి అని చెప్పారు. అది నెహ్రూ తీర్మానం మీద చర్చ. అయినా నాకెప్పుడూ అది అంబేద్కర్‌కి కూడా జవాబులాగే వినిపిస్తుంది.

బాబాసాహెబ్‌ని తప్పు పట్టడానికి దీన్ని ఎత్తలేదు. ఆయన బాణం ఎవరి మీద ఎక్కుపెట్టారో చూడండి. ఒకరిని నాగరికులు చేయడం అంటే తనవాళ్ళుగా చేసుకోవడం, వాళ్ళ మధ్య బతకడం, తోటి మనిషి అనే భావం పెంచుకోవడం అంటారాయన. కులం ఉన్న హిందువుకి అది చేతకాదు అంటారు. దెబ్బ కులం మీద. కానీ ఆ దెబ్బ కొట్టడానికి ఆయన పట్టుకున్న 'నాగరికం, అనాగరికం' అనే కొలబద్ద ఆ కాలంలో అందరి చేతుల్లో ఉన్నదే. ఆయన చేతిలోనూ ఉంది. మనం ఆయన దెబ్బని దాచుకోవాలి, కొలబద్దని అక్కడే వదిలేయాలి. 1949లో ఆరో షెడ్యూల్ చర్చలో ఆయనే అసోం కొండల తెగలకు తమ సొంత చట్టం, సొంత కట్టుబాట్లు ఉన్నాయని, వాళ్ళకి వేరే ఏర్పాటు కావాలని వాదించారు. ఆ అంబేద్కర్ కూడా మనవాడే. మంత్రిగారి మాట మన చెవికి ఎందుకు తగల్లేదంటే, కారణం ఇదే అనుకుంటున్నాను. ఆ కొలబద్ద మన ఇంట్లోనూ ఉంది. మెట్టు మీద మెట్టు ఉన్న వ్యవస్థలో కిందనున్న మనకి కూడా ఇంకా కింద ఒకరు కనబడితే ఒక ధైర్యం.

సరే, జారవాలకి మన మాటలు చేరవు. చేరేవాళ్ళ సంగతి? నికోబారీలు. 2011లో 27 వేల పైచిలుకు. చదువుకున్నవాళ్ళు, ఓటేసేవాళ్ళు, సునామీలో సర్వం పోగొట్టుకుని మళ్ళీ నిలబడ్డవాళ్ళు. 2024 జూన్‌లో మళ్ళీ గెలిచిన బిష్ణుపద రే విజయసభలో మాట్లాడిన వీడియో ఒకటి బయటికొచ్చింది. నికోబార్ తనకి ఓటేయలేదని, డబ్బులు తీసుకుంటారు, మందు తాగుతారు, ఓటు మాత్రం వేయరు, జాగ్రత్త, ఇక మీకు చెడ్డ రోజులే అన్న ధోరణిలో హిందీలో సాగింది ఆ ప్రసంగం. కాంగ్రెస్ నాయకుడు పవన్ ఖేడా దాన్ని పంచుకున్నాక జాతీయ వార్త అయింది. అది నికోబారీలని అన్నది కాదు, వాళ్ళని తప్పుదారి పట్టించినవాళ్ళని అన్నది అని సమర్థించుకోవచ్చు. కానీ గెలిచిన ఎంపీ గొంతులో 'జాగ్రత్త' అన్న మాట కార్ నికోబార్‌లో కూర్చుని విన్నవాడికి ఎలా వినబడుతుంది?

మరి ఆ వార్త ఎన్ని రోజులు బతికింది? రెండు మూడు రోజులు. కేంద్రంలో ప్రభుత్వ ఏర్పాటు హడావుడిలో కొట్టుకుపోయింది. నేను ఆ వారం మన మిత్రుల వాట్సాప్ గ్రూపులు వెతికాను, ఒక్కచోట కూడా చర్చ లేదు. అమిత్ షా మాటకి మనం చేసిన దాంట్లో పదో వంతు చేసి ఉన్నా చాలు.

చట్టం ఉందా అంటే ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో వచ్చిన సవరణల్లో, మాటల ద్వారా ఎస్టీల మీద ద్వేషం, వైరం రెచ్చగొట్టడం నేరం. పోలింగ్ అయ్యాక ఎస్సీ, ఎస్టీలని సాంఘిక, ఆర్థిక బహిష్కరణ చేస్తామని బెదిరించడం, వాళ్ళకి రావలసిన ప్రభుత్వ సేవలు అందకుండా చేయడం కూడా నేరమే. ఓటేయలేదని కక్ష కట్టే దొరల కోసమే ఆ సవరణ. ఆ ప్రసంగం వీటి కిందికి వస్తుందా రాదా అన్నది కోర్టు తేల్చాలి. కానీ ఆ ప్రశ్నని ఎవరూ గట్టిగా అడగలేదు. లా చదువుతున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు, మీరు అడగొచ్చు.

ప్రాతినిధ్యం సంగతి ఇంకా విచిత్రం. 1952లో మొదటి లోక్‌సభకి అండమాన్ నికోబార్ నుంచి నామినేట్ అయిన సభ్యుడు ఎవరో తెలుసా? బిషప్ జాన్ రిచర్డ్‌సన్, కార్ నికోబార్ మనిషి, నికోబారీ. 1967లో నేరుగా ఎన్నికలు మొదలయ్యాయి. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క నికోబారీ గాని, ఆ ఆరు తెగల్లో ఇంకెవరు గాని ఆ సీటులో కూర్చోలేదు. 3 లక్షల 80 వేల జనాభాలో ఎస్టీలు నూటికి ఏడున్నర. ఉన్నది ఒక్క సీటు, అది జనరల్. అసెంబ్లీ లేదు. ఐదో షెడ్యూల్ లేదు, ఆరో షెడ్యూల్ లేదు. అంటే ప్రజాస్వామ్యం వచ్చాక, ఆ ద్వీపాల మూలవాసికి ఢిల్లీలో గొంతు పోయింది. గ్రేట్ నికోబార్‌లో 72 వేల కోట్ల ప్రాజెక్టు విషయంలో ఏమైందో చూడండి. అక్కడి ట్రైబల్ కౌన్సిల్ 2022 ఆగస్టులో ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్ని నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. తమకి అసలు సంగతి చెప్పలేదంది. ప్రాజెక్టు ఆగిందా? 'పశుప్రాయం' అన్నా, 'చెడ్డ రోజులు' అన్నా నాయకుడికి ఖర్చేమీ లేదు. ఓటు లెక్కలో అవతల ఏమీ లేదు. మన స్పందన కూడా ఆ ఓటు లెక్కనే అనుసరిస్తోందా అన్నది నన్ను వదలని ప్రశ్న.

తిరుగు ప్రయాణంలో ఆ డ్రైవర్ కాస్త చనువుగా మాట్లాడాడు. నేనేం చెబుతానో, ఎవరి మనిషినో తెలుసుకున్నాక గొంతు తగ్గించి అడిగాడు. "మాస్టారూ, మేమూ మాలోళ్ళమే. మా అమ్మాయికి కాలేజీకి ఎస్సీ సర్టిఫికెట్ కావాల. ఇక్కడ ఆఫీసుకెళ్తే అండమాన్‌లో ఎస్సీలే లేరంటన్నారు. ఇదేటి మాస్టారూ?"

నిజమే. అండమాన్ నికోబార్‌కి షెడ్యూల్డ్ కులాల జాబితా లేదు. జనాభా లెక్కల్లో అక్కడ ఎస్సీ గడిలో సున్నా ఉంటుంది. అలాగే ఎస్టీ జాబితాలో ఆరే ఆరు తెగలు: అండమానీలు, జారవాలు, నికోబారీలు, ఓంగేలు, సెంటినలీలు, షోంపెన్లు. అడవి నరకడానికి, రోడ్లు వేయడానికి ఛోటానాగ్‌పూర్ నుంచి తెచ్చిన ముండాలు, ఒరావ్‌లు, ఖడియాలు అక్కడ ఆదివాసులు కారు. వాళ్ళని 'రాంచీవాళ్ళు' అంటారు. జైపాల్ సింగ్ మనుషులు జైపాల్ సింగ్ వాదించిన హక్కు లేకుండా బతుకుతున్నారు. ఆ తెలుగు దళితుడు కులం లేనివాడుగా ఉన్నాడు కాగితం మీద. పెళ్ళి సంబంధం దగ్గర మాత్రం ఆ కులం పలాస నుంచి ఓడెక్కి వచ్చేస్తుంది.

ఆయనకి చట్టం చెప్పాను. సొంత రాష్ట్రంలో తండ్రి పుట్టిన ఊరి కాగితాలు వెతకమన్నాను. అప్పుడైనా, పొద్దున నేను 'ఎన్ని ఉన్నాయి' అన్నానే, అది తప్పు మాట తమ్ముడూ, 'ఎంతమంది' అనాల్సింది అని చెప్పాలనుకున్నాను. ఆయనకి తెలియని కాగితం ఆయన గురించి ఏం రాసిందో, ఆయన మాట ఇంకొకరి గురించి అదే రాస్తోందని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆయన బాధ మీద నా పాఠం రుద్దడం బాగోదనిపించింది. అది సాకేనేమో కూడా.

మీరు చేయగలిగిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. యూట్యూబ్‌లో తెలుగు ట్రావెల్ వీడియోలు చూడండి, 'జారవాలు కనిపిస్తాయా' అన్న శీర్షికల కింద కామెంట్లు చదవండి, ఆ క్రియాపదాల్ని పోగు చేయండి. భాషాశాస్త్రం వాళ్ళకి మంచి పరిశోధన పత్రం అవుతుంది, ఇంతవరకు ఎవరూ చేసినట్టు నేను చూడలేదు. విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి అండమాన్ ప్యాకేజీలు అమ్మేవాళ్ళని బారాటాంగ్ ఏ దారిలో తీసుకెళ్తారో అడగండి. నేను వెళ్ళినట్టు వెళ్ళకండి. అండమాన్ తెలుగు దళితుల జాబితా సమస్య మీద, రాంచీ ఆదివాసుల గుర్తింపు మీద మన సంఘాలు ఒక వినతిపత్రం రాయాలి. రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మన గుర్తింపు కోసం అడిగే కాగితంలో నికోబారీల వాటా తగ్గకూడదు, జారవాల అడవి అంగుళం కూడా తగ్గకూడదు. వలస వచ్చినవాళ్ళ హక్కు పేరుతో మూలవాసిని ఇంకొంచెం వెనక్కి నెట్టే వినతిపత్రాలు అక్కడ ఇదివరకే చాలా ఉన్నాయి. ఆ రోడ్డు మూయొద్దని అడిగేవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళకీ ఆసుపత్రికి పోవాలి, కూరగాయలు రావాలి. వాళ్ళతో మాట్లాడకుండా ఢిల్లీలో తీర్మానం చేస్తే లాభం లేదు. సముద్ర మార్గాన్ని బలంగా నడిపితే రోడ్డు అవసరం ఎంత తగ్గుతుందో వాళ్ళతో కూర్చుని లెక్క వేయాలి.

ఇంకో పది నిమిషాలే ఉన్నాయంటున్నారు. వెనక వరసలో ఇందాకటి నుంచి ఒక అమ్మాయి చెయ్యెత్తి ఉంచింది. ముందు ఆమెకి మైక్ ఇవ్వండి.